ఫోనెత్తే సాఫ్ట్‌వేరు

హిందూపురంలో హనుమ స్టూడియోకు ఫోన్ చేసేవాళ్ళు కడుపునిండా తిని చేయడం మేలు. పెళ్ళికి ఫోటోలు కావాలి, ఫలానా రోజు అని ఒక్క ముక్క చెప్పి పెట్టేద్దామనుకున్న మనిషి, ఫోన్ పెట్టే సమయానికి మేనత్త మోకాలి నొప్పి, తమ్ముడి కొత్త ట్రాక్టరు, పక్కింటివాళ్ళతో గోడ తగాదా అన్నీ అప్పగించేసి ఉంటాడు. పాపం, తప్పు అతనిది కాదు. అవతల ఫోనెత్తేది నాగరత్నమ్మ.

ఊరికి ఆమె నాగరత్నమ్మ. ఇంట్లో పిల్లలకు అవ్వ. ఈ కథలోనూ అవ్వే.

కెమెరా పట్టేది తాత హనుమప్ప. ఆయనది మాటల పొదుపు. "ఇట్ల చూడండి", "కొంచెం నవ్వండి" అనే రెండు మాటలతో ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చి, మిగిలిన మాటలన్నీ అవ్వకు వదిలేశాడు. అవ్వ వాటిలో ఒక్కటి కూడా వృథా పోనివ్వలేదు. కొడుకు లోకేష్ ధర్మవరంలో పట్టుచీరల అంగళ్ళ వీధిలో అదే పేరుతో ఇంకో స్టూడియో తెరిచాడు. స్టూడియోలు రెండైనా మంచి కెమెరాలు, వీడియో తీసే మనుషులు, డ్రోను అన్నీ ఒకటే జట్టు. కాబట్టి ఏ రోజు ఆ జట్టు ఏ ఊరికి పోవాలో ఒక్కచోటే తేలాలి. ఆ చోటు అవ్వ తలకాయ.

ఆ తలకాయలో తేదీలు ఉండవు. "చింతచిగురు పంపించినవాళ్ళింట్లో నామకరణం", "పన్నెత్తు పిల్ల నిశ్చితార్థం", "కోర్టుకు పోయి రాజీ అయిన అన్నదమ్ముల గృహప్రవేశం", ఇట్లా ఉంటుంది లెక్క. చాలా కాలం అది బాగానే నడిచింది కూడా. పోయిన శ్రావణంలో మాత్రం అవ్వ తాతను లేపాక్షిలో ఒక గృహప్రవేశానికి పంపింది. ఆ రోజు గృహప్రవేశం ఉన్నది కొత్తచెరువులో. తాత కెమెరా సంచులతో దిగేసరికి లేపాక్షి ఇంటికి ఇంకా తలుపులు కూడా పెట్టలేదు. మేస్త్రీ మెట్ల మీద కూర్చుని రాగిముద్ద తింటున్నాడు. తాత ఏమీ అడగలేదు. అడిగితే మాటలు ఖర్చు. మేస్త్రీకి నాలుగు ఫోటోలు తీసి బస్సెక్కి తిరిగొచ్చాడు. ఆ ఫోటోలు చాలా బాగా వచ్చాయి. కొత్తచెరువు వాళ్ళు మాత్రం ఆ సంగతి వినే స్థితిలో లేరు.

ఆ వారమే లోకేష్ ధర్మవరం నుంచి వచ్చాడు. చంకలో ల్యాప్‌టాప్ ఉంది.

"మా, ఇంక చాలు మా. సాఫ్ట్‌వేరు పెడదాం. అందరూ పెట్టుకుంటాండారు. బుకింగులన్నీ అదే చూసుకుంటాది. నువ్వు హాయిగా ఇంట్లో కూర్చో."

"ఇంట్లో కూర్చోని ఏం చేయాలప్పా?"

"టీవీ చూడు."

"టీవీలో వాళ్ళు నేనడిగిందానికి బదులు చెప్తారా?"

లోకేష్‌కు నవ్వొచ్చింది. కానీ కొత్తచెరువు వాళ్ళ దగ్గర పడిన తిట్లు మాత్రం చెవుల్లో ఇంకా ఉన్నాయి. ఆఖరుకు ఒక ఒప్పందం కుదిరింది. సాఫ్ట్‌వేర్లను ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూడాలి, ఏది ఉంచాలో అవ్వే తేల్చాలి. అయితే వచ్చే మాఘమాసం ముహూర్తాలు అయ్యేలోపల అవ్వ ఫోన్లో తీసుకున్న బుకింగు ఇంకొక్కటి అడ్డం పడినా స్టూడియో ఫోను లోకేష్‌కు ఇచ్చేయాలి. ఆ తర్వాత ఎవరు ఫోన్ చేసినా మనిషి ఎత్తడు, సాఫ్ట్‌వేరు ఎత్తుతుంది.

అవ్వ "అట్లనే కానీ" అంది. అంది గానీ, ఆ రోజు మజ్జిగలో ఉప్పు వేయడం మర్చిపోయింది. పరిగి, గోరంట్ల, మడకశిర, రొద్దం, ఏ ఊరికీ ఆమె పోయి కూర్చోలేదు. ఆ ఊళ్ళే ఫోన్లోంచి రోజూ ఆమె దగ్గరికి వచ్చి కూర్చునేవి. ఫోను పోతే ఇంక మిగిలేది తాత. తాత మంచివాడే. కానీ ఆయనతో కబుర్లంటే గోడకు సున్నం కొట్టడమే.

మొదటి సాఫ్ట్‌వేరు చూడ్డానికి బలే ముచ్చటగా ఉండేది. తెరిస్తే తెల్ల పిల్లలు పూలబుట్టల్లో నిద్రపోతూ కనిపించేవారు. బుకింగు రాయాలంటే అదేం వేడుకో ముందు ఎంచుకోవాలి. పుట్టిన పిల్లలు, గర్భిణీలు, పెళ్ళికి ముందు ఫోటోలు, పెంపుడు జంతువులు అంటూ ఒక వరస ఉంది.

"చెవులు కుట్టేది యాడుండాది?" అంది అవ్వ.

"లేదు మా."

"శ్రీమంతం?"

"అదీ లేదు. గర్భిణీల కింద వేద్దాం."

"పుట్టెంట్రుకలు?"

లోకేష్ కిందికీ మీదికీ జరిపి చూశాడు. "ఇతరములు అని ఉండాది మా, దాంట్లో వేస్తాను."

"కుక్కకు ఒక గడి ఉండాదే, మన పిల్లోళ్ళ చెవులకు లేదా? మొత్తం హిందూపురమంతా ఇతరములేనా?"

సందేహం వచ్చి సహాయం నంబరుకు చేస్తే, ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని ఒక మిషను మాట్లాడింది. అవ్వ అన్నీ నొక్కింది. మిషను మళ్ళీ మొదటికొచ్చింది. అవ్వతో మాట్లాడి ఏ కబురూ చెప్పకుండా తప్పించుకున్న గొంతు అదొక్కటే.

రెండో సాఫ్ట్‌వేరు తెలివి ఎక్కువైంది. ఎవరికి ఏం కావాలో అదే కనిపెట్టి అదే మెసేజీలు పంపేది. మారప్ప అనే రైతు వాళ్ళ నాయన దినానికని పెద్ద ఫోటో కట్టించమని ఇచ్చి పోయాడు. మర్నాడు మారప్ప నేరుగా అంగట్లోకి వచ్చి ఫోను అవ్వ ముఖం ముందు పెట్టాడు. అందులో ఇలా ఉంది: "మీ జీవితంలోని ఈ ముఖ్యమైన రోజుకు శుభాకాంక్షలు! నవ్వుతూ సిద్ధంగా ఉండండి!"

అవ్వ చదివి లేచి నిలబడింది. "అయ్యో మారప్పా, నేను పంపలేదప్పా, ఆ మాయదారిది పంపించింది..."

"ఉండు నాగరత్నమ్మక్కా," అన్నాడు మారప్ప. "మా నాయన తొంభై దాటినాడు. పోయే ముందురోజు కూడా బజ్జీలు తెప్పించుకోని తిన్నాడు. నువ్వు కట్టే ఫోటోలో ఎట్లాగూ నవ్వుతానే ఉన్నాడు, సిద్ధంగానే ఉన్నాడని నీ మిషనుకు చెప్పు."

మారప్ప నవ్వాక అవ్వ కూడా నవ్వింది, కళ్ళొత్తుకుంటూ. ఆ సాయంత్రానికి రెండో సాఫ్ట్‌వేరు ల్యాప్‌టాప్‌లో లేదు. తీసేసే ముందు అవ్వ దాన్ని తిడుతూ వాయిస్ పంపితే, అది ఒక నవ్వే బొమ్మ పంపి ఊరుకుంది.

మూడోది బెంగళూరులో ఎవరో కొంతమంది కుర్రవాళ్ళు చేసిన చిన్న సాఫ్ట్‌వేరు. చూడ్డానికి రేషన్ కార్డులా సాదాగా ఉండేది. ఎవరికి కావాలి, ఏ రోజు, ఏం వేడుక, అడ్రసు ఏంది, అంతే. ధర్మవరం స్టూడియోకు వచ్చేవాళ్ళు ఫోన్ చేయకుండా తామే వాళ్ళ ఫోన్లో నింపి పంపొచ్చు. హిందూపురం బుకింగులు అవ్వ చెప్తుంటే లోకేష్ ఎక్కించేవాడు. తేదీ అడ్డం పడితే ఆ గడి ఎర్రగా అవుతుంది.

మాఘం ముహూర్తాలు రాసుకునే రోజుల్లో ఒక మధ్యాహ్నం అవ్వకు పెనుకొండ నుంచి ఫోన్ వచ్చింది.

"రత్నా, నేనే, ఉమాదేవిని."

రత్నా అని ఆమెను పిలిచేవాళ్ళు లోకంలో మిగిలింది ఈ ఒక్క మనిషే. ఇద్దరూ హిందూపురం బళ్ళో ఏడో తరగతి దాకా ఒకే బెంచీ. కుట్టు క్లాసులో కునికిపాట్లు పడుతూ ఉమాదేవి దిండుగలేబును తన పావడాకే కలిపి కుట్టేసుకుని, టీచరమ్మ పిలిస్తే గలేబుతో సహా లేచి నిలబడిన మహానుభావురాలు. అది గుర్తు చేసుకుని ఒకరు నవ్వడం, విని ఇంకొకరు నవ్వడం, నవ్వలేక దగ్గడం. అంగట్లో పాస్‌పోర్టు ఫోటోకు కూర్చున్న మనిషి కూడా ఆ నవ్వుకు కదిలి తాత పని పాడుచేశాడు. ఆఖర్న ఉమాదేవి, "నా మనవరాలు కీర్తన పెళ్ళే, మాఘంలో, అందరికీ ముందు నీకే చెప్తాండా, మీ ఆయన్ను పంపియ్యాల్సిందే" అని రోజు చెప్పింది. "నేనే వస్తానే" అని అవ్వ ఫోన్ పెట్టేసింది.

పెళ్ళికొడుకెవరు, వాళ్ళది ఏ ఊరు, వాళ్ళ తాత ఏం చేసేవాడు, ఇవేవీ అడగలేదు. ఆ ఫోను పుట్టినప్పటి నుంచీ ఇలా ఎన్నడూ జరగలేదు.

ఆదివారం లోకేష్ వచ్చి ఆ పెళ్ళి ఎక్కించాడు. గడి దానిమ్మ పువ్వులా ఎర్రబడింది.

"చూడు మా. పడిందా అడ్డం? ఆ రోజు నా తట్టు వెంకటేశులు పెళ్ళి ఉండాది, ధర్మవరంలో. నీ తట్టు ఉమాదేవి పెళ్ళి."

"ఉమాదేవికి ఈ వయసులో పెళ్ళేందిరా! మనవరాలికి."

"సాఫ్ట్‌వేరు అడిగేది బుక్ చేసినోళ్ళ పేరే మా. ఆ పట్టుచీరల వెంకటేశులుకు కూడా పెళ్ళి కాదు, ఆయన కొడుక్కి. ఇప్పుడేం చేస్తావు? ఆ ముహూర్తానికి జిల్లాలో కెమెరా పట్టే చెయ్యి ఒక్కటి ఖాళీ లేదు. నేను అందరినీ అడిగినా. ఒక పెళ్ళి వదులుకోవాల్సిందే."

"నీది వదులు."

"నాది ముందు ఎక్కింది. తేదీతో సహా ఉండాది. నీది ఫోన్‌లో తీసుకున్నది." లోకేష్ కొంచెం మెత్తబడ్డాడు. "ఒప్పందం ఒప్పందమే కదా మా."

అవ్వ ఫోను కొంగులో చుట్టుకుని లోపలికి పోయింది. అక్కడి నుంచి సాఫ్ట్‌వేరు వాళ్ళ సహాయం నంబరుకు చేసింది. మిషను వస్తే నాలుగు తిట్టి పెట్టేద్దామని చేస్తే, ఒక ఆడపిల్ల ఎత్తింది. "హేళి మేడమ్" అంది కన్నడంలో, చెప్పండి అన్నట్టు. పేరు చైత్ర. అవ్వకు కన్నడం తెలుగంత బాగా వచ్చు. తిట్టడానికైతే ఇంకా బాగా వచ్చు. ఆ ఎరుపు తీసెయ్యమని అవ్వ గట్టిగా అడిగింది.

"తీసేస్తాను మేడమ్, తెల్లగా అయిపోతుంది," అంది ఆ పిల్ల నెమ్మదిగా. "కానీ ఆ రోజు రెండు ఇళ్ళవాళ్ళూ మీకోసం చూస్తూనే ఉంటారు కదా? ఒక ఇంటికన్నా పోయి ముఖాముఖి చెప్పండి. ఫోన్లో చెప్తే బాధపడతారు."

అవ్వ తిట్లు కట్టిపెట్టింది. తర్వాత "నువ్వు అన్నం తిన్నావా పాపా?" అని అడిగింది. ఆ పైన సాగిన మాటల్లో చైత్రది తుమకూరు పక్క ఊరనీ, అద్దెగదిలో నీళ్ళు సరిగా రావనీ, పెళ్ళి మాటెత్తితే కోపమొస్తుందనీ తేలింది.

మర్నాడు పొద్దున అవ్వ పెనుకొండ బస్సెక్కింది. చెప్పాల్సిన మాటను దారి పొడుగునా నోట్లో తిప్పుకుంటూనే ఉంది. ఈ మాట చెప్పి వస్తే సాయంత్రానికి ఫోను లోకేష్ జేబులో ఉంటుంది. చెప్పకపోతే పెళ్ళి రోజున ఉమాదేవి వాకిట్లో నిలబడి ఎదురుచూస్తుంది. బస్సు దిగి, కొండ కింద ఆ ఇంటి వీధి మలుపు తిరిగేసరికి ఆమె రెండోదానికే ఎక్కువ భయపడుతోంది.

ఉమాదేవి ఇల్లు మనుషులతో కిటకిటలాడుతోంది. మగపెళ్ళివారు కల్యాణమండపం చూసుకోవడానికి వచ్చారట. అందరి చేతుల్లో ఉగ్గాని, బజ్జీ. ఉమాదేవి ఎగిరొచ్చి అవ్వను వాటేసుకుంది. ఒక పళ్ళెం చేతిలో పెట్టి, మంచం మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది. అవ్వ నోరు తెరిచింది. ఉగ్గాని చూసి మూసుకుంది. మళ్ళీ తెరిచింది.

"ఉమా, నీతో ఒక మాట చెప్పాల..."

"తర్వాత చెప్పుదువులే. ముందు వీళ్ళను చూడు." ఉమాదేవి ఎదురుగా కుర్చీలో ఉన్న పెద్దమనిషి వైపు తిరిగి గొంతు పెంచింది. "బావగారూ, మా తరఫు ఫోటోలు వీళ్ళవే. హిందూపురం హనుమప్ప. ఆయన తీస్తే గోడ కూడా నవ్వుతాది."

ఈ పక్క పెళ్ళిళ్ళలో ఆడపెళ్ళివారికి ఒక ఫోటోగ్రాఫరు, మగపెళ్ళివారికి ఒక ఫోటోగ్రాఫరు. ఎవరి మనిషి గొప్ప అనేది కట్టిన చీరంత ముఖ్యం. పెద్దమనిషి తగ్గుతాడా? మీసం సర్దుకున్నాడు.

"ఉంటాడులే అమ్మా. మావాడు కుర్రోడు, డ్రోను ఎగరేస్తాడు. మా అంగడి వీధిలోనే స్టూడియో. లోకేష్ అని. నేనే ఫోన్లో అన్నీ నింపి బుక్ చేసినా. వెంకటేశులు అంటే ధర్మవరంలో ఎవరైనా చెప్తారు."

అవ్వ చేతిలో బజ్జీ అలాగే ఆగిపోయింది.

"ఏమప్పా," అంది మెల్లగా, "ఆ ఫోన్లో అడ్రసు అని అడిగిన చోట ఏం కొట్టినావు?"

"మా ఇంటి అడ్రసే. ఇంకెవరి ఇంటిది కొడతారమ్మా?"

ఆయన ఇంటి అడ్రసు చూసి సాఫ్ట్‌వేరు పెళ్ళి ధర్మవరంలో అనుకుంది. సాఫ్ట్‌వేరును చూసి లోకేష్ అనుకున్నాడు. దిండుగలేబు గొడవలో పడి అవ్వ పెళ్ళికొడుకెవరని అడగనే లేదు. రెండు పెళ్ళిళ్ళు లేవు. ఉన్నది ఒక్కటే. రెండు వైపుల నుంచీ ఒకే స్టూడియోను పిలుచుకున్నారు.

అవ్వకు నవ్వు కడుపులోంచి పుట్టి, భుజాలెక్కి, పళ్ళెంలోని ఉగ్గానిని మంచం మీద చల్లింది. ఏమైందే, ఏమైందే అని ఉమాదేవి వీపు నిమిరింది. దాచుకోవడం అవ్వకు చేతకాదు. నవ్వు మధ్యలోనే మొత్తం చెప్పేసింది. చెప్పాకగానీ తెలియలేదు, చెప్పి ఉండకూడదని. ఇద్దరి ముఖాలూ ఒకేసారి వాడిపోయాయి.

"అంటే మీ కొడుకు వాళ్ళ తరఫా?" అంది ఉమాదేవి. "తలంబ్రాలప్పుడు మా పిల్ల గెలిస్తే ఎవరు తీస్తారే?"

"మావాడు గెలిస్తే మాత్రం?" అన్నాడు వెంకటేశులు. "తండ్రికి అడ్డం పోయి కొడుకు ఫోటో తీస్తాడా? వద్దులేమ్మా, నేను అనంతపురంలో వేరేవాళ్ళను చూసుకుంటా."

పెళ్ళి ఒక్కటే అని తేలి ఫోను దక్కిందనుకుంటే, ఇప్పుడు పెళ్ళే చేజారుతోంది. అవ్వ పళ్ళెం కింద పెట్టి లేచి నిలబడింది.

"ఏమప్పా వెంకటేశులూ, నా కొడుకు సంగతి నీకు తెలీదు. వాళ్ళ నాయన మీద గెలవాలని వాడు పుట్టినప్పట్నుంచీ చూస్తాండాడు, సందు దొరకలేదు. నువ్వు ఇప్పుడు సందిస్తాండావు. వాడు నీ తరఫు. మా ఆయన ఉమ తరఫు. ఆ పెండ్లి అరుగు ఎక్కినాక వాడు మాకు కొడుకు కాదు, మేం వాడికి ఎవరమూ కాదు. ఎవరు అడ్డమొచ్చినా తోసేయమని నేనే చెప్పి పంపిస్తా. సరేనా?"

వెంకటేశులు మీసం కింద నవ్వు దాచుకోలేకపోయాడు. "తోస్తాడా?"

"తొయ్యకపోతే నన్నడుగు."

"మరి డ్రోను?" అంది ఉమాదేవి అనుమానంగా.

"అది మీదెక్కడో ఉంటాది కదనే. దానికి తరఫేముంది?"

సాయంత్రం అంగట్లో ఈ కథంతా విని లోకేష్ తల పట్టుకున్నాడు. "నువ్వు పెళ్ళికొడుకెవరని అడగలేదు మా!"

"నేను ఒక్కసారి అడగలేదు. నీ సాఫ్ట్‌వేరు ఎప్పుడూ అడగదు."

ఇద్దరూ చెరొక పక్కకు తిరిగి కూర్చున్నారు. అప్పుడు తాత, ఎవరూ అడక్కుండానే, గొంతు సవరించుకున్నాడు. "అది ఎర్రగా కాకపోతే నువ్వు బస్సెక్కేదానివి కాదు. నువ్వు ఎక్కకపోతే వీడు మంచి పెళ్ళి ఒకటి వదిలేసేవాడు." అంత పొడుగు మాట మాట్లాడినందుకు ఆయనకు దాహమేసి, చెంబెడు నీళ్ళు తాగి లోపలికి పోయాడు.

లోకేష్ నవ్వాడు గానీ, పట్టు వదల్లేదు. "సరే, ఈ పెళ్ళి సాఫీగా అయిపోనీ. అప్పుడు చూద్దాం ఫోను సంగతి."

ఏ సాఫ్ట్‌వేరు ఉంచాలో మాత్రం అవ్వ ఆ రోజే తేల్చేసింది. "మూడోదే ఉండనీ. పిలిస్తే మనిషి పలికేది అదొక్కటే." లోకేష్ దాని మంచిచెడ్డలు ఇంకా చెప్పబోతే, వినకుండా చైత్రకు ఫోన్ చేసింది. బుకింగులో కొత్త గడి ఒకటి కావాలంది. కొత్త గడులు ఎవరికి వారే పెట్టుకోవచ్చని చైత్ర ఓపిగ్గా నేర్పించింది. తెలుగులో మాట్లాడితే అదే రాసుకుంటుందని కూడా చూపించింది. అవ్వ పెట్టిన మొదటి గడి పేరు "అవతలి వాళ్ళెవరు". అక్కడితో ఆగితే అవ్వ ఎందుకవుతుంది? వారం తిరిగేసరికి "ఇంట్లో మాట ఎవరిది", "ఎవరికి ఎవరితో పడదు", "వంట ఎవరు చేస్తాండారు" అని గడులు మొలిచాయి. లోకేష్ ఆ వంట గడిని తీసెయ్యబోయాడు. తాత వద్దన్నాడు. ఏ పెళ్ళికి ఖాళీ కడుపుతో పోవాలో ఆయనకు అది చూస్తేనే తెలిసేది.

మాఘం వచ్చింది. పెనుకొండ మండపంలో పెళ్ళి పొద్దున ఎండలో మొదలైంది. లోకేష్ తట్టు ధర్మవరం వాళ్ళు, పట్టు అంచులు జిగేలుమనిపిస్తూ. తాత తట్టు పెనుకొండ వాళ్ళు. అవ్వ అరుగు పక్కన నిలబడి ఇద్దరినీ తోస్తోంది. తలంబ్రాల వేళకు కీర్తన రెండు దోసిళ్ళు ఒకేసారి పెళ్ళికొడుకు నెత్తిన కుమ్మరించింది. తాత అన్నీ మర్చిపోయి మోకాళ్ళ మీద కూలబడి టకటకా తీశాడు. "నాయనా, జరుగు!" అని లోకేష్ ఆయన భుజం మీదుగా వంగాడు. "నువ్వెవరయ్యా?" అన్నాడు తాత. వెంకటేశులు కుర్చీలో పడీ పడీ నవ్వాడు. రెండో వంతు పెళ్ళికొడుకు బియ్యం దాచిపెట్టుకుని ఎగిరి పోశాడు. ఈసారి లోకేష్‌కు చిక్కింది. రెండు తరఫులూ గెలిచామని కేకలు పెట్టాయి.

సరిగ్గా ఆ గోలలో అవ్వ కొంగులో ఫోను మోగింది. అవ్వ ఒక చెవి మూసుకుని, మేళాన్ని మించిన గొంతుతో మొదలుపెట్టింది.

"ఏమప్పా, చెప్పు! పెళ్ళా? ఆడపెళ్ళివారా, మగపెళ్ళివారా? ఆహా... అవతలి వాళ్ళెవరు? యాడోళ్ళు? పరిగిలో శ్రీనివాసులు ఇంటి వెనకాలా? ఓయమ్మా, వాళ్ళ పెద్దమ్మకు కన్ను ఆపరేషను అయింది కదా, ఎట్లుండాది?"

మాట్లాడుతూ మాట్లాడుతూ, తెలియకుండానే, ఒక్కో మెట్టూ ఎక్కి అరుగు మధ్యకు వచ్చేసింది. వెనక పురోహితుడు బ్రహ్మముడి వేయడానికి కొంగులు పైకెత్తాడు. లోకేష్ కెమెరా కిందికి దించాడు.

"మా! ఆ ఫోను నీదేలే, ఎన్నేళ్ళైనా నీదే! ముందు పక్కకు జరుగు, ఫ్రేములో పడతాండావు!"

అవ్వ జరిగింది. ఫోను మాత్రం చెవి నుంచి జరగలేదు.